ఖాళీ కుర్చీ వెనక కథ: మన మేయర్లు డిబేట్‌కి ఎందుకు రారు

2020 నవంబర్ ఆఖర్లో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఒక మీటింగ్ పెట్టాం. హైదరాబాద్‌లో ఎల్బీ నగర్ వైపు మాది, అక్టోబర్ వరదకి హాల్ గోడ మీద పడ్డ మట్టి గీత నడుం ఎత్తున ఇంకా అట్లనే ఉంది, సున్నం వేసే ఓపిక ఎవరికీ లేదు. కార్పొరేషన్ ఎలక్షన్‌కి మా డివిజన్‌లో నిలబడ్డ వాళ్ళందరినీ ఒకే స్టేజి మీద కూర్చోబెట్టి నాలా సంగతీ, ఆగిపోయిన పదివేల వరద సాయం సంగతీ అడుగుదామని అసోసియేషన్ సెక్రటరీ అంకుల్ ప్లాన్. ముగ్గురు వచ్చారు. సిట్టింగ్ కార్పొరేటర్ మాత్రం పొద్దున ఫోన్లో "పక్కా వస్తా అంకుల్" అని సాయంత్రానికి బామ్మర్దిని పంపించాడు, ఆయన వెనక వరసలో కూర్చుని టీ తాగి, రెండు ఫొటోలు దిగి, "బావ ర్యాలీల ఉన్నడు" అని చల్లగా జారుకున్నాడు.

అప్పుడే ఎవరో అన్నారు, కార్పొరేటర్లతో పాటు మేయర్ క్యాండిడేట్లను కూడా పిలవాల్సింది కదా అని. అంకుల్ దగ్గర ఇంకా రెండు మూడు ఇన్విటేషన్ లెటర్లు మిగిలే ఉన్నాయి, పెన్ను తీసి "సరే, ఎవరి పేరు రాయాలె చెప్పు" అన్నాడు. హాల్లో ఒక్కరికీ తెలీదు, నిజానికి ఆ రోజు ఊరు మొత్తంలో ఎవరికీ తెలీదు, ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

సీట్లో ఉన్నవాడు డిబేట్ అంటే తప్పించుకోవడం మన దగ్గర పుట్టిన జబ్బేం కాదు. అమెరికాలో 1960లో కెనడీ, నిక్సన్ టీవీలో ఎదురెదురుగా నిలబడ్డారు కదా, ఆ తర్వాత మళ్ళీ ప్రెసిడెంట్ ఎలక్షన్ డిబేట్ జరిగింది ఎప్పుడో తెలుసా, 1976లో. మధ్యలో పదహారేళ్ళు గ్యాప్. 1964లో సీట్లో ఉన్న జాన్సన్ ఒప్పుకోలేదు, 1968లో, 1972లో నిక్సన్ ఒప్పుకోలేదు, ఒకసారి చెయ్యి కాలిన మనిషి మళ్ళీ ఎందుకు పెడతాడు. 1980లో అయితే కార్టర్ మూడో అభ్యర్థి ఆండర్సన్ ఉంటే నేను రానని మొదటి డిబేట్‌కి డుమ్మా కొట్టాడు, బాల్టిమోర్‌లో రీగన్, ఆండర్సన్ ఇద్దరే మాట్లాడుకున్నారు. ఆయన లేని చోట ఖాళీ కుర్చీ పెట్టాలా వద్దా అని నిర్వాహకులు చర్చించుకున్నారంటే చూడండి, కుర్చీ పరువు ఎంతో.

మేయర్ల లెవెల్లో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది న్యూయార్క్. అక్కడ ప్రచారానికి సర్కారు ఫండ్స్ తీసుకునే క్యాండిడేట్లు డిబేట్‌కి రావాల్సిందే అని రూల్ ఉంది, డబ్బు కావాలంటే జనం ముందు నిలబడు అని లెక్క. బాగుంది కదా, కానీ అప్పటి మేయర్ బ్లూమ్‌బర్గ్‌కి ఆ డబ్బు అక్కర్లేదు, సొంత జేబులోంచి ఖర్చు పెట్టుకునేవాడు, కాబట్టి ఆ రూల్ ఆయన్ని కట్టెయ్యలేదు. 2005లో సిట్టింగ్ మేయర్‌గా ఉండి, హార్లెమ్‌లో అపోలో థియేటర్‌లో పెట్టిన మొదటి డిబేట్‌కి ఆయన రాలేదు, ప్రత్యర్థి ఫెర్రర్ దాన్ని ఎంత గట్టిగా వాడుకోవాలో అంత వాడుకున్నాడు, అయినా బ్లూమ్‌బర్గ్ దాదాపు ఇరవై శాతం ఓట్ల తేడాతో గెలిచాడు. గెలిచే వాడికి స్టేజి ఎక్కడం వల్ల వచ్చేదేం లేదు, నోరు జారితే పోయేది మాత్రం ఉంది. లెక్క అంతే, అక్కడైనా ఇక్కడైనా.

కానీ మన దగ్గర ఇంకో మెలిక ఉంది. న్యూయార్క్‌లో కనీసం ఎవరు రాలేదో పేరు పెట్టి చెప్పొచ్చు, హైదరాబాద్‌లో రానివాడికి పేరే లేదు.

మన సిటీకి మొదటి మేయర్ మాడపాటి హనుమంతరావు గారు, 1951లో. అప్పటినుంచీ చాలా వరకు మేయర్‌ని ఎన్నుకునేది కౌన్సిల్లో కూర్చునేవాళ్ళే. మధ్యలో ఏళ్ళకేళ్ళు కౌన్సిలే లేదు, స్పెషల్ ఆఫీసర్లు నడిపించారు, డిబేట్ సంగతి దేవుడెరుగు ఎలక్షనే లేదు. జనం నేరుగా మేయర్‌కి ఓటేసింది అంటే 2002లో, అప్పుడు ఒక ఓటు కార్పొరేటర్‌కి, ఇంకో ఓటు మేయర్‌కి. టీడీపీ నుంచి తీగల కృష్ణారెడ్డి గెలిచారు. చెప్పాలంటే సిటీ మొత్తం మీద మేయర్ క్యాండిడేట్లను పక్కపక్కన నిలబెట్టి అడగడానికి అర్థం ఉన్న ఎలక్షన్ అదే. ఆ తర్వాత పద్ధతి మళ్ళీ పాత దారికే వెళ్ళింది.

2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి జీహెచ్ఎంసీ, అంటే గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ చేశారు, 150 డివిజన్లు. 2009లో మొదటి ఎలక్షన్. కాంగ్రెస్‌కి 52, టీడీపీకి 45, మజ్లిస్‌కి (ఎంఐఎం) 43, ఎవరికీ మెజారిటీ లేదు. కాంగ్రెస్, మజ్లిస్ ఒప్పందం చేసుకుని కుర్చీని వాటాలేసుకున్నాయి, మొదట తార్నాక కార్పొరేటర్ బండ కార్తీక రెడ్డి, 2012 జనవరి నుంచి మజ్లిస్ నుంచి మాజిద్ హుస్సేన్. 2009లో ఓటేసిన వాడికి ఈ సగం సగం సంగతి కల్లో కూడా తెలీదు. డిబేట్ పెట్టినా ఎవరితో పెడతావు, రాబోయే ఇద్దరు మేయర్లలో ఒక్కరు కూడా మేయర్ క్యాండిడేట్‌గా జనం ముందుకి రాలేదు కదా.

2016లో టీఆర్ఎస్ 99 గెలిచింది, చర్లపల్లి నుంచి గెలిచిన బొంతు రామ్మోహన్ మేయర్ అయ్యారు. ఆయన టర్మ్ ఆఖర్లోనే మా ఏరియాలు మునిగాయి. మామూలుగా అయితే 2020 డిసెంబర్ 1 ఎలక్షన్లో సిట్టింగ్ మేయర్‌ని నిలబెట్టి అయిదేళ్ళు ఏం చేశావని అడగాలి కదా, ఆయన ఆ ఎలక్షన్లో నిలబడనే లేదు, చర్లపల్లి నుంచి ఆయన భార్య శ్రీదేవి నిలబడి గెలిచారు. ప్రచారం మొత్తం టీఆర్ఎస్ వైపు కేటీఆర్ భుజాన వేసుకున్నారు, బీజేపీ నుంచి అమిత్ షా, నడ్డా, యోగి వచ్చారు. డ్రైనేజీ కార్పొరేషన్‌ది, మాట్లాడింది మాత్రం ఢిల్లీ, లక్నో నుంచి వచ్చినవాళ్ళు. (అమిత్ షా రోడ్ షో రోజు మా బావకి సీతాఫల్‌మండి దాటడానికి ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ చెప్తుంటాడు.)

రిజల్ట్ టీఆర్ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. మేయర్ ఎవరో తేలింది 2021 ఫిబ్రవరి 11న, అంటే ఓట్లేసిన రెండు నెలల పైచిలుకు తర్వాత. కుర్చీ మహిళలకి రిజర్వ్, బంజారాహిల్స్ నుంచి గెలిచిన గద్వాల విజయలక్ష్మి గారు అయ్యారు, ఎమ్మెల్యేలు, ఎంపీలు లాంటి ఎక్స్ అఫీషియో మెంబర్ల (కార్పొరేటర్లు కాకున్నా పదవి వల్ల ఓటున్నవాళ్ళు) ఓట్లు కూడా కలిపి, మజ్లిస్ మద్దతుతో. 2024 మార్చిలో ఆవిడ కాంగ్రెస్‌లో చేరారు. అంటే 150లో రెండు సీట్లు గెలిచిన పార్టీకి మేయర్ దొరికారు, మళ్ళీ ఓటింగ్ లేదు ఏం లేదు. తప్పా ఒప్పా అని కాదు నేననేది, ఇట్లాంటి కుర్చీలో కూర్చున్న మనిషికి జనం ముందుకొచ్చి సమాధానం చెప్పాలనే భయం ఎక్కణ్ణుంచి వస్తుంది అని.

ఇంకో సంగతి, వచ్చినా చెప్పేది ఏముంటుంది. నీళ్ళు రావట్లేదంటే అది వాటర్ బోర్డు, 1989లోనే వేరే చట్టంతో పెట్టారు, దానికి ఛైర్మన్ ముఖ్యమంత్రి. కరెంటు డిస్కమ్‌ది, అంటే పంపిణీ కంపెనీది. చెరువు కబ్జా అంటే 2024 నుంచి హైడ్రా, కబ్జాలు తీసేయడానికి రాష్ట్ర సర్కారు పెట్టిన సంస్థ. ఫైళ్ళ మీద సంతకం కమిషనర్‌ది, ఆయన్ని వేసేది రాష్ట్ర సర్కారు. మేయర్ కౌన్సిల్ మీటింగ్ నడుపుతారు, స్టాండింగ్ కమిటీకి హెడ్, రిబ్బన్లు కత్తిరిస్తారు. పది ప్రశ్నల్లో ఏడింటికి "అది మా పరిధి కాదు" అనే మాట నిజం కూడా, అదే బాధ.

మరి మనవాళ్ళకి డిబేట్ అంటే ఇష్టం లేదా అంటే, భలే ఇష్టం, కాకపోతే మనం దాన్ని సవాల్ అంటాం. టైమూ ప్లేసూ నువ్వే చెప్పు, దమ్ముంటే రా. 2020లోనే, వరద సాయం ఆపమని అప్పటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్ ఎన్నికల సంఘానికి లెటర్ రాశారా లేదా అనే గొడవలో ఆయన చార్మినార్ భాగ్యలక్ష్మి గుడికి రమ్మని అప్పటి సీఎం కేసీఆర్‌కి సవాల్ విసిరి తాను వెళ్ళొచ్చారు. 2025 జూలైలో కేటీఆర్ సీఎం రేవంత్ రెడ్డిని చర్చకి రమ్మని సోమాజిగూడ ప్రెస్ క్లబ్‌కి వచ్చి కూర్చున్నారు, సీఎం ఆ రోజు ఢిల్లీలో ఉన్నారు. సవాల్‌లో గమ్మత్తేంటంటే అవతలివాడు రాకపోతేనే లాభం, వస్తే నిజంగా మాట్లాడాల్సి వస్తుంది. కెమెరాలు ఆ రానితనం కోసమే వస్తాయి.

మా అంకుల్ మాత్రం ఆ రోజు మిగిలిన లెటర్లు పారెయ్యలేదు. మొన్న వాళ్ళింటికి వెళ్తే బీరువాలోంచి తీసి చూపించాడు, "గౌరవనీయులైన మేయర్ అభ్యర్థి" అని టైప్ చేయించి కింద చుక్కలు పెట్టించాడు. "పేరు తర్వాత రాసుకుందాం, హాల్ అయితే బుక్ చేస్త" అన్నాడు.