ఎరుపా, పచ్చా?

ఆర్డరు రాసుకోడానికి వచ్చిన అమ్మాయి ‘‘రెడ్ ఆర్ గ్రీన్?’’ అంది. అంతే, ఇంకో మాట లేదు. నేను మా మేనల్లుడి మొహం చూశాను.

‘‘ఎర్ర మిర్చి సాసా, పచ్చి మిర్చి సాసా అని అడుగుతోంది మామయ్యా. ఈ రాష్ట్రానికి ఇది అధికారిక ప్రశ్న. చట్టసభలో తీర్మానం కూడా చేశారు.’’

వేళాకోళం అనుకున్నాను. కాదు, నిజమే. అమెరికాలోని న్యూమెక్సికోకి రాష్ట్ర పక్షి ఉన్నట్టే రాష్ట్ర ప్రశ్న కూడా ఉంది. రెండు సాసులూ కావాలనుకునేవాళ్లు ‘క్రిస్మస్’ అంటారు. గుంటూరువాణ్ణి, పైగా ముప్పై ఏళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. మిరపకాయ దగ్గర తగ్గుతానా? ‘క్రిస్మస్’ అన్నాను.

ఊరి పేరు మెసీయా. మావాడు పనిచేసే యూనివర్సిటీ ఉన్న లాస్ క్రూసెస్‌కి ఆనుకునే ఉంది. జనాభా సుమారు రెండు వేలు. 1854 దాకా మెక్సికోది, గాడ్స్‌డెన్ కొనుగోలు అనే భూ ఒప్పందంతో అమెరికా చేతికొచ్చింది. బిల్లీ ద కిడ్ అనే పేరుమోసిన తుపాకీ కుర్రాడికి ఉరిశిక్ష వేసింది ఇక్కడి కోర్టులోనే, 1881లో. అదే ఏడాది రైలుమార్గం ఈ ఊరిని తప్పించి లాస్ క్రూసెస్ మీదుగా పోయింది. ఊరు ఎదగలేదు, అందుకే పాత ఇళ్లు మిగిలాయి. మేం కూర్చున్న రెస్టారెంటు అలాంటి ఇల్లే. మూరన్నర మందం మట్టిగోడలు, నడిమి వాకిలి, నెత్తిమీద షాండ్లియర్లు. ధరలు చూసి నేను మెనూ మూసేశాను. మావాడు నవ్వి మళ్లీ తెరిచాడు.

బయట ఎండ మండిపోతున్నా గోడకి చెయ్యి ఆనిస్తే చల్లగా తగిలింది. గడ్డి కలిపి తొక్కిన మట్టిని ఇటుకలుగా పోసి ఎండబెట్టి కట్టిన గోడ ఇది, అడోబ్ అంటారు. మధ్యాహ్నపు వేడి ఆ మందం దాటి లోపలికి రావడానికి గంటల కొద్దీ పడుతుంది. వచ్చేసరికి బయట రాత్రి, ఎడారి చలి. పొద్దున్నకి గోడ మళ్లీ చల్లబడి సిద్ధం. ఈ కిటుకు పనిచేయాలంటే రాత్రి చల్లబడాలి. మే నెలలో గుంటూరు రాత్రులు చల్లబడవు కాబట్టి అక్కడ ఇదే గోడ ఇంత మేలు చేయదు. (ఇక్కడ ఏసీ కూడా ఉంది, దాచడం దేనికి.)

ప్లేటు వచ్చింది. నీలంగా, కాస్త బూడిదరంగు కలిసిన మొక్కజొన్న రొట్టెలు మూడు, అట్ల దొంతరలా ఒకదానిమీద ఒకటి. మధ్యలో చీజు, పైన సగం ఉడికిన గుడ్డు. ఒక పక్క ఎర్ర సాసు, ఇంకో పక్క పచ్చ సాసు. సాసుతో తినే ఈ మెక్సికన్ రొట్టె వంటకం పేరు ఎన్‌చిలాడా, దాన్ని చుట్టకుండా ఇలా దొంతరగా పేర్చడం ఈ ప్రాంతపు పద్ధతి.

ముందు పచ్చ సాసు నోట్లో పెట్టాను. కారం కన్నా ముందు పొగ వాసన తగిలింది. నిప్పుల మీద కాల్చిన వంకాయ పొట్టు వలుస్తున్నప్పుడు వంటింట్లో కమ్ముకునే వాసన, అదే. ఇక్కడా చేసేది అదే పని. ఆగస్టు, సెప్టెంబరుల్లో కొట్ల ముందు జల్లెడలాంటి ఇనప పీపాల్లో పచ్చిమిర్చి పోసి, కింద గ్యాసు మంట పెట్టి తిప్పుతారు. మిరప తొక్క మీద మైనపు పూత ఉంటుంది, నీటిని లోపలికీ బయటికీ పోనివ్వదు. మంట తగలగానే తొక్క కింది తడి ఆవిరై, బయటపడే దారిలేక తొక్కని బుడగలుగా లేపుతుంది. వేడివేడిగా సంచిలో కట్టి కాసేపు ఉంచితే ఆ ఆవిరికే మిగతా తొక్క వదులవుతుంది. తర్వాత వేలితో లాగితే చాలు.

ఆ తొక్క సులువుగా ఊడటం వెనక ఒక మనిషి కష్టం ఉంది. ఫాబియన్ గార్సియా మెక్సికోలో పుట్టి, అనాథై, నాయనమ్మో అమ్మమ్మో చేయిపట్టుకుని సరిహద్దు దాటి వచ్చిన పిల్లవాడు. 1894లో ఇక్కడి వ్యవసాయ కాలేజీ నుంచి పట్టా తీసుకున్న మొదటి బ్యాచ్‌లో ఒకడు. ఆ కాలేజీయే నేడు మావాడి యూనివర్సిటీ. అప్పట్లో ఏ రెండు మిరపకాయలూ ఒకేలా ఉండేవి కావట. గార్సియా ఏళ్ల తరబడి రకాలని కలిపి, ఏరి, 1913లో ‘న్యూమెక్సికో నంబర్ 9’ విడుదల చేశాడు. తొడిమ దగ్గర భుజాలు జారిన, మడతల్లేని, కండగల కాయ. మడతలుంటే తొక్క వాటిలో ఇరుక్కుంటుంది, డబ్బాల్లో పట్టేవాళ్లకి అది నరకం. కారమూ తగ్గించాడు, మిరప అలవాటు లేనివాళ్లు కూడా తినాలని. ఇప్పుడు పొలాల్లో ఉన్న పొడుగు న్యూమెక్సికో రకాలన్నీ దాని సంతతే.

కారం తగ్గించాడన్నది నాకు నోట్లో పెట్టగానే అర్థమైంది. మిరప ఘాటుని స్కోవిల్ యూనిట్లలో కొలుస్తారు. ఇక్కడి చప్పటి రకాలు కొన్ని వందల దగ్గరే ఆగిపోతాయి, గుంటూరు సన్నం 30 వేల పైమాటే. ‘‘ఇది కూరగాయరా, మిరపకాయ కాదు’’ అన్నాను. అన్న రెండో నిమిషంలో ఒక పచ్చ ముక్క నాలుక కింద నిప్పురవ్వలా అంటుకుంది. కళ్లలో నీళ్లు. మావాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు, నవ్వు దాచుకోడానికి.

ఒకే పొలంలో, ఒకే విత్తనంతో వచ్చిన కాయలు కూడా ఇలా మోసం చేస్తాయి. నీరు చాలకపోయినా, ఎండ దెబ్బ తగిలినా మొక్క కారాన్నిచ్చే క్యాప్సైసిన్ అనే పదార్థాన్ని ఎక్కువ చేసుకుంటుంది. అది తయారయ్యేది గింజల్లో కాదు, గింజలు పట్టుకుని ఉండే తెల్లటి ఈనెలో. నిజానికి కారం రుచే కాదు. మన నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఉంది, దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే తెరుచుకుని ‘కాలుతోంది’ అని మెదడుకి కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ వెళ్లి దాన్నే తెరుస్తుంది. నోరు నిజంగా కాలడం లేదు, కబురు మాత్రం అదే. 1997లో దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. పక్షుల్లో ఈ ప్రోటీన్ క్యాప్సైసిన్‌కి స్పందించదు. రామచిలక ఎర్ర మిరపకాయని అంత నింపాదిగా కొరుక్కుతినడం అందుకే.

మంచినీళ్లు తాగాను, ఏం లాభం? క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది గానీ నీళ్లలో కరగదు. ప్లేటు అంచున ఉన్న పుల్లటి మీగడ ఆదుకుంది. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ క్యాప్సైసిన్‌ని పట్టుకుపోతుంది. మనం భోజనం చివర పెరుగన్నం దగ్గర తేరుకోవడానికీ అదే కారణం.

ఎర్ర సాసు వేరే లోకం. కాయ ఒకటే, చెట్టు మీద ఇంకొన్ని వారాలు ఉండనిచ్చారు. పచ్చదనమిచ్చే క్లోరోఫిల్ విరిగిపోయి, క్యాప్సాంథిన్ అనే ఎర్ర రంగు పేరుకుని, తీపి ఎక్కుతుంది. పచ్చి వాసన పోయి ఎండుఫలాల వాసన వస్తుంది. పచ్చిమిర్చి పచ్చడీ, పండుమిర్చి పచ్చడీ వేర్వేరుగా పట్టే మనకి ఇది చెప్పాలా?

కానీ ఆ ప్లేటులో నన్ను కట్టిపడేసింది మిరపకాయ కాదు, రొట్టె. నీలి మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, రుబ్బి చేసిన రొట్టె. ఆకువక్కల్లో వేసుకునే సున్నమే. పై పొట్టు కరిగి పిండి జిగురుగా సాగుతుంది. అంతకన్నా ముఖ్యం, గింజలో మన పేగులకి అందకుండా బంధించి ఉన్న నియాసిన్ అనే బి విటమిన్ విడుదలవుతుంది. యూరప్‌వాళ్లు మొక్కజొన్నని పట్టుకెళ్లారు, సున్నాన్ని వదిలేశారు. పేదలు దాన్నే తిని బతికిన చోటల్లా నియాసిన్ అందక పెల్లాగ్రా వచ్చింది. చర్మం పొలుసులు లేచి, విరేచనాలు పట్టి, చివరికి మతి తప్పే జబ్బు. మన దక్కన్‌లోనూ పెల్లాగ్రా ఉండేది, జొన్న ప్రధానంగా తినేవాళ్లలో. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువవడం దానికి కారణమని హైదరాబాద్ పోషకాహార పరిశోధనశాలకి చెందిన సి. గోపాలన్ 1960లో ప్రతిపాదించారు. తర్వాత దానిమీద వాదోపవాదాలు చాలా జరిగాయి.

మంచినీళ్ల గ్లాసు అంచున నిమ్మ చెక్క ఉంది. పాత అలవాటు ఆగనివ్వలేదు, రొట్టె అంచుమీద రెండు చుక్కలు పిండాను. నీలం కాస్తా ఊదా అయి, అంచుల్లో గులాబీ రంగు తేలింది. మందార రేకులతో పిల్లల చేత ఎన్నిసార్లు చేయించానో ఈ ప్రయోగం! నీలిరంగు ఆంథోసయనిన్లనే వర్ణకాలది, సున్నం వాటిని నీలంగా నిలుపుతుంది, పులుపు ఎర్రబరుస్తుంది. పక్క బల్ల మీది ముసలాయన మెడ సాచి చూశాడు, తన ప్లేటులోనూ రెండు చుక్కలు పిండుకున్నాడు.

మర్నాడు కాల్చిన పచ్చిమిర్చి ఒక సంచి కొనుక్కొచ్చి, తొక్క తీసి, చింతపండూ జీలకర్రా వేసి పచ్చడి నూరాను. కమ్మగా ఉంది, అన్నంలోకి చప్పగా ఉంది. మావాడు మాట్లాడకుండా అలమర తెరిచి, వాళ్లమ్మ పంపిన ఎండుమిర్చి డబ్బా నా ముందు పెట్టాడు.