మడమకి కావాల్సింది నూనె కాదు, నీళ్లు

రాత్రి పడుకున్నాక దుప్పటికి మడమ గీరుకుని దారాలు లేచొస్తే గానీ చాలామందికి పాదాలు గుర్తురావు. నేనూ అంతే. ఒకసారి విసుగొచ్చి షేవింగ్ బ్లేడు తీసుకుని మడమ అంచున గట్టిపడ్డ తోలంతా చెక్కేశా, చెక్కుతున్నంతసేపూ భలే హాయిగా ఉంది, పొరలు పొరలుగా ఊడొస్తుంటే ఆపబుద్ధి కాలేదు, చివరికి కింద ఎర్రగా కనపడ్డాక ఆపా. తర్వాత మూడు రోజులు మునివేళ్ల మీదే నడక. సరే పోనీ అనుకుంటే, కొన్ని వారాలకి అదే చోట తోలు ముందుకంటే మందంగా వచ్చి కూర్చుంది. ఇదెక్కడి గోల అని చదవడం మొదలుపెడితే తెలిసిందేంటంటే, అరికాలి చర్మం గురించి నేను అనుకుంటున్నవి సగానికి సగం తప్పే.

అన్నిటికంటే పెద్ద తప్పు, పాదం ఎండిపోయిందంటే నూనె తగ్గింది అనుకోవడం. 1952లో ఇర్విన్ బ్లాంక్ అనే అమెరికన్ పరిశోధకుడు దీన్ని చాలా సింపుల్‌గా తేల్చేశాడు. అరికాలి నుంచి తీసిన గట్టి తోలు ముక్కల్ని ఎండబెడితే అవి పెళుసుగా తయారయ్యాయి, వంచితే విరిగేలా. వాటిని నూనెలో పెట్టినా, పెట్రోలియం జెల్లీ లాంటి జిడ్డులో పెట్టినా మెత్తబడలేదు. నీళ్లలో పెడితే మాత్రం మళ్లీ వంగడం మొదలెట్టాయి. అంటే పై పొరలో నీళ్లు ఉంటేనే అది సాగుతుంది, సుమారు 10 శాతం కంటే తగ్గితే బిరుసెక్కిపోతుంది. మరి జెల్లీ రాస్తే మెత్తగా అనిపిస్తుందిగా అంటారా, అది నిజమే, కానీ ఆ పని చేసేది జెల్లీ కాదు, అది లోపలి నీళ్లు ఆవిరైపోకుండా అడ్డం పడుతుందంతే. గిన్నె మీద మూత లాంటిది. గిన్నెలో నీళ్లే లేనప్పుడు ఎంత మంచి మూత పెట్టి ఏం లాభం. ఎండి గట్టిపడిపోయిన మడమకి జిడ్డు రాసి రాసి, ఏం ఉపయోగం లేదని వదిలేసిన వాళ్లు చేసిన పొరపాటు ఇదే.

ఇంతకీ పాదానికే ఎందుకీ కష్టం? ఒళ్లంతా ఉండే చర్మం వేరు, అరికాలి చర్మం వేరు. అరికాల్లో వెంట్రుకలు ఉండవు, వెంట్రుకలతో పాటు ఉండే నూనె గ్రంథులూ ఉండవు. చెమట గ్రంథులు మాత్రం చదరపు సెంటీమీటరుకి వందల్లో ఉంటాయి, కానీ చెమట ఆరిపోతుంది తప్ప మూతలా పనిచేయదు. మందం కూడా అంతే తేడా, కనురెప్ప మీద చర్మం పై భాగం 0.05 మిల్లీమీటర్లు ఉంటే అరికాల్లో 1.5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అంటే దాదాపు ముప్పై రెట్లు. అరిచేతుల్లో, అరికాళ్లలో తప్ప ఇంకెక్కడా పెద్దగా కనపడని కెరటిన్ (చర్మానికీ గోళ్లకీ గట్టిదనం ఇచ్చే ప్రోటీన్) రకం ఒకటుంది, కెరటిన్ 9 అంటారు, నొక్కుడికి తట్టుకోడానికే పెట్టినట్టు ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. మన చర్మం కింది నుంచి పైకి పెరుగుతూ ఉంటుంది, అడుగున కొత్త కణాలు పుట్టి పైకి వస్తూ వస్తూ చచ్చిపోయి, కెరటిన్ నిండిన పలకల్లాగా మారి, చివరికి కంటికి కనపడనంత చిన్నగా రాలిపోతుంటాయి. అవి వాటంతట అవే రాలిపోవు. ఒక్కో పలకా పక్కదానికి గుండీలు పెట్టినట్టు అతుక్కుని ఉంటుంది, ఆ గుండీల్ని కొన్ని ఎంజైమ్‌లు ఒక్కొక్కటిగా విప్పుతాయి, అప్పుడు పై పలక ఊడుతుంది. ఆ ఎంజైమ్‌లు పనిచేయాలంటే చుట్టూ తేమ ఉండాలి! ఎండిపోయిన చోట గుండీలు విప్పేవాళ్లు లేరు, రాలాల్సినవి రాలవు, కింద నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి, పొర మీద పొర పేరుకుంటుంది, మందం పెరిగేకొద్దీ లోపలి తేమ పైదాకా చేరడం ఇంకా కష్టమవుతుంది, దాంతో ఇంకా ఎండుతుంది. నాకైతే ఇది చదివినప్పుడే మడమ సంగతి మొత్తం అర్థమైంది. అది మురికి కాదు, బయటి నుంచి వచ్చి అతుక్కున్న చెత్తా కాదు, రాలడం ఆగిపోయిన చర్మం.

పగుళ్లు కూడా ఇక్కడి నుంచే. మడమ కింద మెత్తటి కొవ్వు దిండు ఒకటుంటుంది, నిలబడగానే ఒంటి బరువుకి అది పక్కలకి సాగుతుంది, నీళ్లు నింపిన బెలూన్‌ని అరచేత్తో నొక్కినట్టు. పైన తోలు సాగేలా ఉంటే దాంతో పాటే సాగుతుంది, బిరుసుగా ఉంటే చిట్లుతుంది. మడమ వెనక పట్టు లేని చెప్పులు వేసుకుని గంటలు గంటలు నిలబడేవాళ్లకి అంచునే ఎందుకు పగులుతుందో ఇప్పుడు చెప్పక్కర్లేదు.

మరి ఇంట్లో ఏం చేయాలి. గోరువెచ్చని నీళ్లలో పది పదిహేను నిమిషాలు కాళ్లు పెట్టడం, అంతే, మరీ వేడి నీళ్లు వద్దు. గంటలు గంటలు నానబెట్టినా ఎదురు తిరుగుతుంది, ఎందుకంటే చర్మం తన తేమని పట్టి ఉంచుకోడానికి అమైనో ఆమ్లాలు, యూరియా, లాక్టేట్ లాంటివి తనే తయారుచేసుకుంటుంది, అవన్నీ నీళ్లలో కరిగేవే, ఎక్కువ నానితే అవి కూడా నీళ్లలోకి వెళ్లిపోతాయి, బయటికొచ్చాక ముందుకంటే త్వరగా ఎండుతుంది. నానాక ప్యూమిస్ రాయితోనో ఫుట్ ఫైల్‌తోనో తేలిగ్గా రుద్దాలి. ప్యూమిస్ అంటే అగ్నిపర్వతం నుంచి నురగలా ఎగసి గడ్డకట్టిన గాజు, అందుకే అన్ని బొక్కలు, నీళ్లలో తేలుతుంది కూడా. ఆ బొక్కల్లోనే తడి నిలిచి క్రిములు చేరతాయి కాబట్టి వాడాక కడిగి బాగా ఆరబెట్టాలి, ఇంకొకరితో పంచుకోకూడదు. ఒక చిన్న చిక్కుంది, నానిన తోలు మెత్తగా తెల్లగా ఉంటుంది, ఎంత తీశామో చేతికి తెలీదు, అందుకే నేను ఒక్కో చోట పది పన్నెండు సార్లు రుద్ది ఆపేస్తా, చాలకపోతే మూడు రోజుల తర్వాత మళ్లీ.

తర్వాత తుడుచుకుని, ఇంకా కాస్త తడి ఉండగానే క్రీమ్ రాయాలి. నన్నడిగితే మొత్తంలో ముఖ్యమైన పని ఇదే, రాయితో రుద్దడం కాదు. ఇక్కడ యూరియా గురించి చెప్పాలి. మూత్రంలో ఉండేది కదా అని పేరు వినగానే మొహం చిట్లిస్తారు గానీ క్రీముల్లో వాడేది ఫ్యాక్టరీలో తయారైందే, 1828లోనే ఫ్రెడ్రిక్ వోలర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త దాన్ని ల్యాబ్‌లో తయారుచేసి చూపించాడు. 10 శాతం దాకా ఉంటే నీళ్లని పట్టి ఉంచుతుంది, 20 దాటితే కెరటిన్‌ని వదులు చేసి గట్టి తోలుని కరిగించడం మొదలుపెడుతుంది, 40 శాతం అయితే మందంగా పాడైపోయిన గోళ్లని మెత్తబరిచి తీయడానికి కూడా వాడతారు, అంత బలం. మామూలు గరుకు మడమకి 10, బాగా మొద్దుగా ఉంటే 20, 25 సరిపోతుంది. తెరుచుకుని ఉన్న పగుళ్ల మీద పడితే మాత్రం చురుక్కుమంటుంది. రాసిన క్రీమ్ మీద పల్చగా పెట్రోలియం జెల్లీ, పైన కాటన్ సాక్స్, పొద్దునదాకా. మూత అన్నది ఇప్పుడు పనికొస్తుంది, గిన్నెలో నీళ్లున్నాయి కాబట్టి. రెండు రోజులకే ఫలితం కోసం చూడకండి, ఒంటి మీద మామూలు చర్మం పూర్తిగా మారడానికే నాలుగు వారాల దాకా పడుతుంది, అరికాలికి ఇంకా ఎక్కువే.

నిమ్మరసం, వంటసోడా కలిపి పూసుకునే చిట్కా గురించి అడుగుతూనే ఉంటారు. రెండూ కలిపితే బుస్సున పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ పొంగేది కార్బన్ డయాక్సైడ్, అప్పటికే ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపేసుకున్నాయి. ప్లాస్టిక్ సాక్స్‌లా వచ్చే ఫుట్ పీల్ మాస్కులు అలా కాదు, వాటిల్లో గ్లైకోలిక్, లాక్టిక్ లాంటి ఆమ్లాలు నిజంగానే ఆ గుండీల్ని వదులు చేస్తాయి, కొద్ది రోజుల తర్వాత పాము కుబుసం విడిచినట్టు పెద్ద పెద్ద రేకులు ఊడతాయి. పగుళ్లు, పుండ్లు ఉన్నప్పుడు మాత్రం అస్సలు వద్దు.

ఇక నా బ్లేడు కథకి జవాబు. పై పొర దెబ్బతినగానే అడుగున ఉన్న కణాలకి కబురు వెళ్తుంది, అవి గబగబా చీలి కొత్తవాటిని తయారుచేస్తాయి. పైగా అక్కడ రాపిడి, నొక్కుడు అలాగే ఉన్నాయి, చెప్పు మార్చలేదు, నిలబడే తీరు మారలేదు. నేను తోలు చెక్కితే శరీరం దాన్ని దాడి అనుకుని ఇంకో గోడ కట్టింది. అసలు కాయలు కాయడమే జబ్బు కాదు. 2019లో నేచర్ అనే సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది, కెన్యాలో 81 మంది పాదాలు పరీక్షించారు, చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ల అరికాళ్లలో తోలు దాదాపు 30 శాతం మందంగా ఉంది, గట్టిగానూ ఉంది, అయినా నేల స్పర్శ తెలియడంలో ఏ తగ్గుదలా లేదు. అంత మంచి రక్షణని పూర్తిగా గీకి పారేయడం దేనికి, గుచ్చుకోకుండా, పగలకుండా ఉంటే చాలు కదా.

గరుకుగా ఉన్నదల్లా ఎండిన చర్మం కాదనేది ఇంకో సంగతి. అరికాలంతా, పక్కల దాకా పొడి పొట్టులా లేచి, ఎన్ని క్రీములు రాసినా తగ్గకపోతే అది ఫంగస్ కావచ్చు, దురద ఉండి తీరాలని కూడా లేదు. ఒక్కోసారి రెండు పాదాలతో పాటు ఒక్క అరిచెయ్యి మాత్రమే అలా అవుతుంది, అది దాదాపు ఫంగస్ సంతకమే. ఆనెకాయకి మధ్యలో గట్టి ముల్లు లాంటిది ఉంటుంది, సూటిగా నొక్కితే నొప్పి. పులిపిరి అయితే చర్మం మీద గీతలు దాని దగ్గర తెగిపోతాయి, నల్లటి చుక్కలు కనపడతాయి, పక్కల నుంచి గిల్లినట్టు నొక్కితే ఎక్కువ నొప్పి. రాపిడికి గట్టిపడ్డ మామూలు కాయ మీద మాత్రం గీతలు మామూలుగా సాగిపోతాయి.

షుగర్ ఉన్నవాళ్లకి పైన చెప్పిందాంట్లో సగం వర్తించదు. నరాలు మొద్దుబారితే నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో తెలీదు, రాయి ఎంత లోతుకి పోయిందో తెలీదు, ఆనెకాయ ప్లాస్టర్లలో ఉండే సాలిసిలిక్ యాసిడ్ గట్టి తోలుతో ఆగకుండా మంచి చర్మాన్నీ తినేసినా తెలీదు. వాళ్లు నానబెట్టడం, గీకడం ఇంట్లో పెట్టుకోకుండా డాక్టర్ దగ్గరే చేయించుకోవాలి, క్రీమ్ రాసుకోవచ్చు గానీ వేళ్ల మధ్యలో వద్దు, అక్కడ తడి నిలిస్తే ఒరుస్తుంది. రోజూ రాత్రి అరికాలు తిప్పి చూసుకోవాలి, వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టుకుని దాని మీద కాలు ఎత్తి చూసుకోవచ్చు.