కోర్సు అయిపోయింది కదా, ఇంకా మీటింగులెందుకు?

మొన్న సోమవారం కావలి నుంచి వచ్చిన ఒకామె అడిగింది. "తాగుడు మాన్పించే పదిహేను రోజుల కోర్సు అయిపోయింది కదా మేడమ్. మనిషి బాగానే ఉండాడు. ఇంక ఆ ఏఏ మీటింగులకు ఎందుకు పోవాల? పోయినా మళ్లా తాగుబోతోళ్ల మధ్యనే కదా కూర్చునేది?"

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని ఒకరికొకరు ఆసరా అయ్యే సంఘం. నెల్లూరులో డీఅడిక్షన్ కౌన్సెలర్‌గా పదకొండేళ్ల నుంచి చేస్తున్నాను. ఈ ప్రశ్న వినని వారం లేదు. ఆమె మీద నాకు కోపం లేదు. పుస్తెలు తాకట్టు పెట్టి వైద్యం చేయించిన మనిషి, ఇక గండం గడిచిందనే నమ్మాలనుకుంటుంది. నా కోపమంతా "కోర్సు చేయిస్తే గ్యారంటీ" అని ఊళ్లలో ప్రచారం చేసేవాళ్ల మీదే.

అపోహ: ఆసుపత్రిలో ఉండి వస్తే తాగుడు పోతుంది.

పదిహేను రోజుల్లో పోయేది వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం. వార్డులో ఉన్నన్నాళ్లూ ఎవరూ తాగరు. ఎట్లా తాగుతారు? షాపు లేదు, జేబులో డబ్బుల్లేవు, "రారా మామా" అని పిలిచేవాడు లేడు. అసలు పరీక్ష ఇంటికెళ్లిన రోజు సాయంత్రం ఆరున్నరకి. మొదటి మూడు నెలలూ మరీ జారుడుగా ఉంటుంది. ఆ ఆరున్నరకి డాక్టరుగారు వేరే పేషెంట్లతో ఉంటారు, నేను ఇంట్లో కూర తాలింపు పెట్టుకుంటుంటాను. ఫోనెత్తేది స్పాన్సరే, అంటే తాను ముందే మానేసి కొత్తవాళ్లకు తోడుండే ఏఏ పాత సభ్యుడు. ఆయనకూ ఒకప్పుడు ఆ ఆరున్నర వచ్చింది కాబట్టి ఉపన్యాసం చెప్పడు. "అన్నం తిన్నావా? ముందు తిను, నేను వస్తుండా" అంటాడు.

మా బాబాయి సంగతి చెప్తా. ఏటా అయ్యప్ప మాల వేసేవాడు. 41 రోజులు చుక్క ముట్టడు. ఇంట్లో రోజూ పండగే, పిన్ని మొహంలో కళ వచ్చేది. తిరుగు ప్రయాణంలో రైలు గూడూరు దాటకముందే మళ్లీ మొదలు. ఇట్లా ఏడేళ్లు. దేవుడు ఇచ్చిన బుద్ధి దేవుడే తీసుకున్నాడనేది నాయనమ్మ. ఈ ఉద్యోగంలోకి వచ్చాక నాకు తెలిసింది వేరు. ఆ 41 రోజులూ తెల్లవారుజామున లేపడానికి పక్క స్వామి ఉండేవాడు. సాయంత్రం భజన ఉండేది. ఊరంతా "స్వామీ" అని మర్యాదగా పిలిచేది, గ్లాసు ముందుకు జరిపేవాడు లేడు. మాల తీయగానే గుంపు ఎవరింటికి వాళ్లు పోయింది, ఆయన ఒంటరివాడయ్యాడు. మీటింగంటే నా లెక్కలో 42వ రోజున ఎత్తెయ్యని పీఠం.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా మనుషులను కలిపి చూసిన సమీక్ష 2020లో వచ్చింది, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థది. పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఏఏ దారి పట్టించే చికిత్సలు మిగతా కౌన్సెలింగ్ పద్ధతులకు తీసిపోవని, కొన్నిసార్లు మెరుగని తేలింది. పట్టించడం అన్న మాట గమనించండి. చీటీ మీద అడ్రసు రాసిస్తే ఎవరూ పోరు. నేను డిశ్చార్జికి ముందే పాత సభ్యుడికి ఫోన్ కలిపి పేషెంటు చేతికిస్తాను. ఇద్దరూ ఏ బస్టాండులో కలవాలో అక్కడే తేల్చుకుంటారు.

అపోహ: మళ్లీ తాగాడు, ఇక మీటింగుకు ఏ మొహంతో పోతాడు?

ఎక్కువ సంసారాలు ఇక్కడే పోతున్నాయి. కందుకూరు వైపు లారీ డ్రైవరొకాయన, ఏడు నెలలు మానేసి మేనల్లుడి పెళ్లిలో తాగాడు. సిగ్గుతో మూడు నెలలు మా వైపు రాలేదు. ఆ మూడు నెలల్లో లారీ పోయింది, ఒళ్లు పచ్చబడింది. చివరికి ఒక ఆదివారం వచ్చి తలుపు పక్క కుర్చీలో, లేచి పోవడానికి వీలుగా అంచున కూర్చున్నాడు. రిటైరైన పెద్దాయన ఒకరు టీ కప్పు చేతికిచ్చి "ఎన్నో రోజు?" అన్నారు. "మొదటి రోజు సార్." "నాకది అయిదుసార్లు వచ్చిందిలే, తాగు, చల్లారిపోద్ది" అన్నారు టీ చూపించి. ఏఏలో చేరడానికి షరతు ఒక్కటే, మానాలన్న కోరిక. మానేసి ఉండాలని ఎక్కడా లేదు.

మిగతావి గబగబా.

"సంఘమా? నెలకెంత కట్టాల?" మన జిల్లాలో సంఘమంటే పొదుపు సంఘమే గుర్తొస్తుంది, తప్పు లేదు. దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా వేలం పాటలు ఆపించిన ఊపులోంచే కదా ఆ పొదుపూ వచ్చింది. కానీ ఏఏకి చందా లేదు, ఫీజు లేదు. ఇష్టమైనవాళ్లు టీ ఖర్చుకు పదో పరకో వేస్తారు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు బాధితులతో మొదలైన నాటి నుంచీ ఒకరికొకరు ఆసరా అవడమే దాని పని. సారా మీద నిషేధం 1993లో వచ్చింది, 1995లో మొత్తం మద్యం మీదే వచ్చింది, రెండేళ్లకే సడలింది. షాపు ఉన్నా లేకపోయినా లోపలి దాహం మాత్రం మనిషి వెంటే ఉంది.

"పేరు బయటపడితే పిల్లకి సంబంధాలు రావు." అనానిమస్ అనే మాటకు అర్థమే పేరు బయటపెట్టకపోవడం. అయినా మీ ఆయన తాగుతాడని మీ వీధికి ఎప్పుడో తెలుసు, తల్లీ.

"అది క్రైస్తవుల ప్రార్థన." కాదు. మీ దేవుణ్ని మీరు తలుచుకోండి, లేకపోతే ఆ గుంపునే శక్తి అనుకోండి.

"మీటింగుకు పోతే మాత్రలు ఆపాలి." మన భాషతో వచ్చిన తంటా ఇది. "మందు మానేశావా?" అంటే "మానేశా మేడమ్" అన్నాడొకాయన. తీరా చూస్తే మానేసింది మా డాక్టరు రాసిన మందు! సభ్యులు డాక్టరు పని చెయ్యకూడదన్నది ఏఏ వాళ్ల సొంత మాటే.

ఒక్కటి మాత్రం మెల్లగా చదవండి. రోజూ పొద్దున్నే తాగితే గాని చెయ్యి నిలవని మనిషిని ఇంట్లో హఠాత్తుగా మాన్పించి నేరుగా మీటింగుకు పంపొద్దు. మాల వేయించీ మాన్పించొద్దు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ముందు ఆసుపత్రి, తర్వాత మీటింగు. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14446కి ఫోన్ చెయ్యండి, డబ్బులు పడవు.

కావలి ఆమె ఇదంతా విని సంచి సర్దుకుంటూ అడిగింది. "ఆయన రానంటే, నేనొక్కదాన్నే రావచ్చా మేడమ్?"

రావచ్చు. తాగేవాళ్ల ఇంటివాళ్లకు వేరే సమూహాలున్నాయి, అల్-అనాన్ అంటారు. మా దగ్గర కూడా శనివారం పదింటికి ఆడవాళ్లందరం కూర్చుంటాం. ఈ శనివారానికి ఆమె పేరు రాసుకున్నాను.