జైలు కౌంటీది, నిర్ణయాలు వేరేవాళ్లవి

డాలస్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లకు, ఏటా కట్టే ప్రాపర్టీ టాక్స్‌లో స్కూళ్ల వాటా ఎంతో బాగా తెలుసు. ఆ టాక్స్‌లోంచే కొంత కౌంటీ (మన జిల్లా లాంటిది) జైలుకు పోతుందన్నది పెద్దగా ఎవరూ పట్టించుకోరు. మన దేశంలో జైళ్లు రాష్ట్ర ప్రభుత్వాలవి. అమెరికాలో చాలాచోట్ల స్థానిక జైలును భరించేది కౌంటీ, నడిపేది ఓట్లతో గెలిచిన షెరిఫ్ అనే పోలీసు అధికారి. పెద్ద శిక్ష పడ్డవాళ్లు రాష్ట్ర కారాగారాలకు వెళ్లిపోతారు. ఇక్కడ మిగిలేవాళ్లలో ఎక్కువమంది నేరం ఇంకా రుజువు కానివాళ్లే. బెయిలుకు డబ్బు కట్టలేక లోపలే ఉండిపోయినవాళ్లు వాళ్లలో చాలామంది.

అమెరికా మొత్తమ్మీద ఈ జైళ్ల ఖర్చు, ద్రవ్యోల్బణం లెక్కలోకి తీసుకున్నా, 1983లో 570 కోట్ల డాలర్ల నుంచి 2011 నాటికి 2,220 కోట్లకు చేరింది. ఖైదీలు పెరగడం ఒక కారణం. అంతకన్నా మెలిక ఉన్నది వైద్యం ఖర్చులో.

1963లో కెనెడీ ప్రభుత్వం మానసిక రోగులను పెద్దాసుపత్రుల నుంచి తప్పించి, ఊళ్లోనే వైద్యం అందించాలని చట్టం చేసింది. ఆసుపత్రులు ఖాళీ అయ్యాయి కానీ ఊళ్లలో కేంద్రాలు సరిపడా రాలేదు. చివరికి లాస్ ఏంజెలెస్ కౌంటీ జైలు, షికాగోలోని కుక్ కౌంటీ జైలు దేశంలోకెల్లా పెద్ద మానసిక చికిత్సాలయాల జాబితాలో చేరాయి. 1965లో పేదల వైద్యానికి ప్రభుత్వం డబ్బు కట్టే మెడికెయిడ్ వచ్చింది, కానీ నిర్బంధంలో ఉన్నవాళ్లకు ఆ డబ్బు వర్తించదని చట్టంలోనే రాశారు. దాంతో మెడికెయిడ్ ఉన్న మనిషి అరెస్టయి జైలుకొస్తే, కేసు తేలకముందే అతని ఇన్సులిన్ ఖర్చు కౌంటీ మీద పడుతుంది. 1976లో ఎస్టెల్ వర్సెస్ గాంబుల్ కేసులో సుప్రీంకోర్టు, ఖైదీకి తీవ్రమైన జబ్బుందని తెలిసీ పట్టించుకోకపోవడం రాజ్యాంగ విరుద్ధమంది. న్యాయమైన తీర్పే. కాకపోతే వైద్యం చేసి తీరాలని కోర్టు అంటుంది, డబ్బివ్వనని వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం అంటుంది.

మరి కౌంటీలు ఏం చేశాయి? బిల్లును ఇంకా కిందికి తోశాయి. ఖైదీల దగ్గరే వైద్యం ఖర్చు రాబట్టే చట్టం మిషిగన్‌లో 1846లోనే ఉంది. తర్వాత ఫోన్ కంపెనీలు కాల్ రేట్లు పెంచి, అందులో కమీషన్ జైలుకివ్వడం మామూలైంది. కట్టేది బయట ఉన్న అమ్మో, భార్యో. 2024లో ఫోన్ రంగాన్ని నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ పెద్ద జైళ్లలో నిమిషానికి 6 సెంట్లు దాటకూడదని, కమీషన్లు వద్దని చెప్పి, మరుసటి ఏడాదే అమలు వాయిదా వేసింది.

అలబామా సంగతి మరీ విడ్డూరం. అక్కడ రాష్ట్రం ఒక్కో ఖైదీ తిండికి రోజుకు 1.75 డాలర్లిచ్చేది, మిగిలింది షెరిఫ్ జేబులో వేసుకునే వీలుండేది. చట్టబద్ధంగానే! మోర్గన్ కౌంటీ షెరిఫ్ మూడేళ్లలో 2.12 లక్షల డాలర్లు మిగుల్చుకున్నాడు. చవగ్గా దొరికిన కార్న్‌డాగ్‌లను (మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన సాసేజ్‌లు) ఖైదీలకు వారాల తరబడి పెట్టాడు. ఖైదీలకు సరైన తిండి పెట్టనందుకు 2009లో ఫెడరల్ జడ్జి ఆ షెరిఫ్‌నే జైలుకు పంపాడు.

ఖైదీలను తగ్గిస్తే చాలు కదా అనిపిస్తుంది. 2023 సెప్టెంబరులో ఇల్లినాయ్ నగదు బెయిలును పూర్తిగా ఎత్తేసింది, అలా చేసిన మొదటి రాష్ట్రం అదే. కానీ న్యూయార్క్ నగరం అనుభవం చూడండి. అక్కడి జైళ్లలో 1990ల మొదట్లో 20 వేలకు పైగా ఉన్న ఖైదీలు 2021కి 5 వేల దరిదాపులకు వచ్చారు. అయినా ఆ ఏడాది ఒక్కో ఖైదీ మీద ఖర్చు 5.56 లక్షల డాలర్లు. జైలు బడ్జెట్‌లో సింహభాగం జీతాలదే. పది మంది తగ్గినా కాపలా షిఫ్టు తగ్గదు. ఒక బ్లాకు మొత్తం మూసి, అక్కడి పోస్టులు రద్దు చేస్తేనే డబ్బు మిగులుతుంది. ఉద్యోగుల యూనియన్‌ను ఎదిరించి ఆ పని చేయడానికి ఎన్నికైన నాయకులు అంత తేలిగ్గా ముందుకు రారు.