మందు మానితే చాలు, సిగరెట్ తర్వాత చూద్దామా? అపోహలు – వాస్తవాలు

డీ-అడిక్షన్ వార్డులో నేను తరచూ వినే మాట: "మందు మానేశాడు, అదే పదివేలు. సిగరెట్ జోలికి వెళ్ళకండి డాక్టరు గారూ, రెండూ ఒకేసారంటే తట్టుకోలేడు." ఎన్నో ఏళ్ళు నరకం చూసిన ఇల్లాలి భయం అది. కాదనలేను, కానీ ఒప్పుకోలేను.

అపోహ: రెండూ కలిపి మాన్పిస్తే మళ్ళీ తాగుడు మొదలవుతుంది.

వాస్తవం: 2004 నాటికి జరిగిన పరిశోధనలను కలిపి చూస్తే, మత్తు వ్యసనాల చికిత్సతో పాటే పొగ మానడానికీ సాయం అందినవాళ్ళు దీర్ఘకాలం మత్తుకు దూరంగా ఉండే అవకాశం 25 శాతం ఎక్కువని తేలింది. అమెరికాలోని మిన్నెసోటాలో తాగుడుకు చికిత్స పొందినవాళ్ళ మరణాలను లెక్కగట్టి 1996లో ప్రచురించారు. అందులో సగానికి పైగా పొగాకు వల్ల, మూడో వంతు మందు వల్ల. మందు నుంచి కాపాడుకున్న మనిషిని సిగరెట్‌కు అప్పగించడమెలా?

అపోహ: పెగ్గు పడ్డప్పుడే సిగరెట్ వెలిగిస్తాను, అది వ్యసనం కాదు.

వాస్తవం: పీల్చిన 10–20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరి అక్కడి గ్రాహకాలను, అంటే అది అతుక్కునే చోట్లను, పట్టేస్తుంది. ఒకటి రెండు దమ్ములకే ఒక ముఖ్యమైన రకం గ్రాహకాల్లో సగం నిండిపోతాయని స్కానింగుల్లో కనబడింది. అలా మెదడులో హాయినిచ్చే డోపమైన్ వ్యవస్థను కదిలిస్తుంది. మందు వేరే దారిన వచ్చినా, అదే వ్యవస్థను కదిలిస్తుంది. దాంతో మెదడు ఆ రెంటినీ జంటగా గుర్తుపెట్టుకుంటుంది. మందు మానిన నలభై రోజులకు పెళ్ళికెళ్ళిన ఒకాయన, పక్క గదిలో గ్లాసుల చప్పుడు వినగానే తన చెయ్యి తెలీకుండానే చొక్కా జేబు తడిమిందని చెప్పారు. జేబులో పెట్టె లేదు, అయినా వేళ్ళు వెతికాయట.

ఇంకొకటి. రోజూ బాగా తాగేవాళ్ళ కాలేయం నికోటిన్‌ను త్వరగా విరగ్గొడుతుంది, అందుకే తర్వాతి సిగరెట్ మీదకు మనసు తొందరగా పోతుంది. మందు మానాక కొన్ని వారాల్లో ఆ వేగం తగ్గుతుంది. సిగరెట్ మాన్పించడానికి నేను ఎంచుకునే సమయం అదే.

అపోహ: సిగరెట్ తాగితే మత్తు దిగుతుంది.

వాస్తవం: దిగదు. రక్తంలో మందు అలాగే ఉంటుంది. నికోటిన్ చురుకుదనంతో మత్తు తెలియదు, అందుకే ఇంకో పెగ్గు పడుతుంది.

రోజూ తాగేవాళ్ళు ఇంట్లో ఒక్కసారిగా మందు ఆపకండి. ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ముందు డాక్టర్ని కలవండి. పొగాకు మానడానికి ఉచిత క్విట్‌లైన్ 1800-11-2356.