పీఓఈ కెమెరాలకు కేబుల్ ఎంపిక: అపోహలు - వాస్తవాలు

పీఓఈ అంటే ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో డేటాతో పాటు పవర్ కూడా కెమెరాకు పంపే పద్ధతి. గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో గేటు కెమెరా రోజూ చీకటి పడగానే ఆగిపోయేది. మళ్లీ ఆన్ అయ్యేది, రెండు నిమిషాలకు మళ్లీ పోయేది. పగలు మాత్రం బొమ్మ అద్దంలా ఉండేది. నాకంటే ముందు వచ్చినవాళ్లు కెమెరాను రెండుసార్లు, కేబుల్‌కు పవర్ ఇచ్చే నెట్‌వర్క్ స్విచ్‌ను ఒకసారి మార్చారు. కేబుల్ జోలికి ఎవరూ పోలేదు. డబ్బా మీద క్యాట్6 (నెట్‌వర్క్ కేబుల్ రకం) అని ఉంది కదా!

అపోహ: క్యాట్6 అని రాసి ఉంటే చాలు.

వాస్తవం: ప్రమాణాల ప్రకారం క్యాట్6 తీగ మొత్తం రాగే అయి ఉండాలి. బజారులో రాగి పూత పూసిన అల్యూమినియం తీగ మీద కూడా అదే పేరు అచ్చేసి అమ్ముతున్నారు. దీన్ని సీసీఏ అంటారు. అల్యూమినియానికి రెసిస్టెన్స్ రాగి కన్నా దాదాపు 60 శాతం ఎక్కువ. డేటా సిగ్నల్ ఎక్కువగా తీగ పైపొరలోనే వెళ్తుంది, అక్కడ రాగి ఉంది కాబట్టి బొమ్మ బాగానే వస్తుంది. పవర్ డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) కాబట్టి తీగ మందమంతా వాడుకుని వెళ్తుంది. మోసం బయటపడేది అక్కడే.

ఆ గేటు దగ్గర జాక్ కోసి, ఒక తీగను బ్లేడుతో గీకాను. ఎర్రటి పొర లేచిపోయి లోపల తెల్లగా మెరిసింది. తీగ కూడా సన్నం. రెండు చివర్లూ విప్పి, అటువైపు ఒక జత తీగల్ని కలిపి, ఇటువైపు మల్టీమీటర్ పెట్టాను. 80 మీటర్ల లైనుకు 24 గేజ్ (తీగ మందం కొలత) రాగి అయితే 15 ఓమ్‌లు దాటకూడదు. 33 చూపించింది. అది తిరిగే కెమెరా. పగలు 8 వాట్లు చాలు, రాత్రి చీకట్లో చూడటానికి ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైట్లు వెలిగితే 20 వాట్లు లాగుతుంది. స్విచ్ దగ్గర 48 వోల్టులుంటే, ఆ లెక్కన కెమెరాకు చేరేది 40 కూడా ఉండదు. రాగి కేబుల్ లాగాక 44 పైనే నిలిచింది, కెమెరా మళ్లీ ఆగలేదు.

అపోహ: కేబుల్ టెస్టర్‌లో 8 లైట్లూ వెలిగాయి, కేబుల్ ఓకే.

వాస్తవం: తీగ తెగలేదని, వరుస సరిగ్గా ఉందని మాత్రమే ఆ లైట్లు చెబుతాయి. సీసీఏకీ అన్నీ వెలుగుతాయి. దయచేసి ఒక మల్టీమీటర్ కూడా సంచిలో పెట్టుకోండి.

అపోహ: స్విచ్ 30 వాట్లు ఇస్తుంది, కాబట్టి 30 వాట్ల కెమెరా పెట్టొచ్చు.

వాస్తవం: 2009లో వచ్చిన 802.3ఏటీ అనే పీఓఈ ప్రమాణమే దారిలో 4.5 వాట్లు పోతాయని లెక్కగట్టి, పరికరానికి 25.5 మాత్రమే హామీ ఇస్తుంది. 2003 నాటి ఏఎఫ్‌లో 15.4కు 12.95. 2018లో వచ్చిన బీటీలో 90 వాట్లు పంపితే చేరేది 71.3. కెమెరా ఎంత లాగుతుందో ఐఆర్, మోటార్ అన్నీ కలిపి చూసుకోవాలి.

అపోహ: 100 మీటర్ల దాకా ఢోకా లేదు.

వాస్తవం: 90 మీటర్లు ఒకే పోగు గట్టి తీగ, 10 మీటర్లు ప్యాచ్ కార్డులు (రెండు చివర్లా జాక్ ఉన్న రెడీమేడ్ కేబుళ్లు) కలిపితేనే ఆ 100. ప్యాచ్ కార్డులో సన్నటి పోగులు ఉంటాయి, రెసిస్టెన్స్ ఎక్కువ. 50 మీటర్ల ప్యాచ్ కార్డు తెచ్చి లాగడం సరైన పని కాదు. ఇక మన ఎండలు. రాగి రెసిస్టెన్స్ ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. డాబా మీద పైపులో కేబుల్ 60 డిగ్రీలకు చేరితే, 20 డిగ్రీల లెక్క కన్నా 16 శాతం ఎక్కువ. పవర్ మోసే కేబుళ్లను పెద్ద కట్టగా బిగిస్తే మధ్యలోవి ఇంకా వేడెక్కుతాయి. అందుకే చిన్న కట్టలుగా, వదులుగా కట్టండి. బయట లాగేదానికి ఎండ తట్టుకునే పీఈ (పాలీఇథిలీన్) తొడుగు ఉన్నదే తీసుకోండి.

అపోహ: షీల్డ్ (లోహపు పొర) ఉన్న కేబుల్ ఎక్కువ పవర్ మోస్తుంది.

వాస్తవం: షీల్డ్ ఉండేది బయటి ఇంటర్‌ఫియరెన్స్ ఆపడానికి. సరిగ్గా ఎర్త్ చేయకపోతే అదీ జరగదు. పవర్ కోసమైతే ఆ డబ్బు 23 గేజ్ రాగి మీద పెట్టండి. గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు.

కొనేటప్పుడు డబ్బా ఎత్తి చూడండి. 305 మీటర్ల డబ్బాల్లో సీసీఏది చేతికే తేలికగా తెలుస్తుంది. గీకి చూడనివ్వమని అడగండి, బిల్లు మీద "సాలిడ్ బేర్ కాపర్" అని, అంటే మొత్తం రాగేనని, రాయించుకోండి. ఆ మాట రాయడానికి వెనకాడే కొట్లో నేను కేబుల్ కొనను.