బంతి ముట్టని మనిషికి అంత పేరెందుకు?

చిన్నూ,

మొన్న ఫోనులో అడిగావు కదా, "తాతయ్యా, కోచ్ బంతి ముట్టుకోడు, పరిగెత్తడు, మరి అందరూ ఆయన్నే ఎందుకు పొగుడుతారు?" అని. దానికి నీకు అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ ఎడ్డీ రాబిన్సన్ గురించి చెప్పాలి. మీ డల్లాస్ పక్క రాష్ట్రమే ఆయనది, లూసియానా.

పరాయి పొలం పాలికి చేసే రైతు కొడుకు. దాణా మిల్లులో కూలి చేసుకుంటూ ఉండగా 1941లో గ్రాంబ్లింగ్ అనే చిన్న ఊళ్లో, నల్లజాతి పిల్లలు చదివే కాలేజీలో కోచ్ పని దొరికింది. అప్పటికి 22 ఏళ్లు. మైదానంలో గడ్డి కోసేదీ, గీతలు గీసేదీ, పిల్లల మడమలకు పట్టీలు కట్టేదీ ఆయనే. దారిలో హోటళ్లవాళ్లు నల్లవాళ్లకు తిండి పెట్టని రోజులవి. అందుకని బ్రెడ్డు ముక్కలు సర్దుకుని బయల్దేరేవారు. మొదటి ఏడాది ఓటములే ఎక్కువ. మరుసటి ఏడాది ఆడిన తొమ్మిది ఆటలూ గెలిచారు, అవతలివాళ్లకు ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా!

కోచ్ అంటే నారుమడి వేసే రైతు అనుకో. నా చిన్నప్పుడు మా నాన్న మొలకలు చల్లి, రాత్రి నీరు పెట్టి, తెల్లారి తీసేసేవాడు. పిట్టలు వాలకుండా నన్ను డబ్బా ఇచ్చి గట్టున కూర్చోబెట్టేవాడు. బడికి ఆలస్యమైనా సరే, మడి ముందు. ఇంతా చేసి నారు ఎదగ్గానే పీకి, కట్టలు కట్టి వేరే చేలో నాటేస్తారు. పంట చూసినవాళ్లు చేను బాగుందంటారు గానీ మడిని తలవరు.

రాబిన్సన్ మడిలోంచి అలా రెండు వందల మందికి పైగా డబ్బిచ్చి ఆడించే పెద్ద లీగ్‌లకు వెళ్లారు. వాటిలో పెద్దది ఎన్‌ఎఫ్‌ఎల్. నల్లజాతి కాలేజీల నుంచి అక్కడ అడుగుపెట్టిన మొదటివాడు, 1949లో లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టులో చేరిన ట్యాంక్ యంగర్, ఆయన పెంచిన మొక్కే. 1988లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో మొదటి నుంచి ఆడి గెలిచిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి జట్టు దాడిని నడిపే ఆటగాడు) డగ్ విలియమ్స్ కూడా అంతే. ఎంత ఆటగాడైనా చదువు మానడానికి వీల్లేదు. పొద్దున్నే ఆవు మెడలో కట్టే గంట పట్టుకుని హాస్టలంతా తిరిగి, క్లాసులకు లేపేవాడాయన. కోచ్‌గా ఆయన సాధించిన 408 గెలుపులకంటే నాకు ఆ గంటే గొప్పగా తోస్తుంది. పెంచేవాళ్లను గుర్తుపట్టడం నువ్వూ నేర్చుకోవాలి, నాన్నా.

1997లో ఆయన దిగిపోయాక ఆ పనిలోకి ఎవరొచ్చారో తెలుసా? డగ్ విలియమ్సే. వేరే చేలో నాటిన మొక్క తిరిగొచ్చి మడి కాసింది. మా నాన్న మడిలో అలాంటిది జరగలేదు మరి! మనుషుల్లోనే జరుగుతుందేమో.

గ్రాంబ్లింగ్ జట్టు మీ ఊరి కాటన్ బౌల్ స్టేడియంలో ప్రయరీ వ్యూ కాలేజీ జట్టుతో ఆడటానికి వస్తుంది, స్టేట్ ఫెయిర్ అనే పెద్ద తిరునాళ్ల రోజుల్లో. నాన్నను తీసుకెళ్లమను. కాసేపు బంతిని వదిలేసి గీత అవతల నిలబడ్డ కోచ్‌ను చూడు. ఎవరైనా బంతి జారవిడిచి తల వంచుకుని వస్తే, ఆయన ఆ పిల్లాడితో ఏంచేశాడో చూసి నాకు రాయి.

మీ తాతయ్య